చండీగఢ్: పటానికెక్కని మనుషులు

నగర నిర్మాణ చరిత్రను మనవాళ్లు సాధారణంగా భవనాల చరిత్రగా రాస్తారు. యే శిల్పి యే కట్టడాన్ని వూహించాడు, యే స్తంభాన్ని యెంత యెత్తున నిలబెట్టాడు అన్న ముచ్చటతోనే వ్యాసం ముగుస్తుంది. నగరాన్ని చూడవలసిన తీరు అది కాదని నా అభిప్రాయం. నగర ప్రణాళిక అంటే కాగితం మీది గీతలు మాత్రమే కాదు. యెవరు యెక్కడ కాపురముండాలి, యెవరికి యెంత జాగా దక్కాలి, యెవరిని లెక్కలోకే తీసుకోనక్కరలేదు అన్న నిర్ణయాల పత్రం అది. స్వతంత్ర భారతంలో అత్యంత ప్రసిద్ధి పొందిన నగర ప్రణాళికను తీసుకుని యీ మాటను పరీక్షించి చూస్తాను.

1947లో దేశం చీలింది. లాహోరు పాకిస్తానుకు పోయింది. తూర్పు పంజాబుకు రాజధాని లేకుండా పోయింది. 1948లో శివాలిక్ కొండల పాదాన స్థలం నిర్ణయమైంది. అది బీడు భూమి కాదు, పల్లెలున్న సాగుభూమి. ఆ రైతులు ప్రతిఘటించారు కూడా. గత సంప్రదాయాల సంకెళ్లు లేని నగరం కావాలని నెహ్రూ ఆశించాడు. మొదటి పటాన్ని అమెరికన్ ప్రణాళికాకారుడు ఆల్బర్ట్ మేయర్, ఆయన సహచరుడు మాథ్యూ నొవిట్స్కీ తయారుచేశారు. 1950 ఆగస్టులో నొవిట్స్కీ విమాన ప్రమాదంలో మరణించాడు. పని చేతులు మారింది. 1951లో ఫ్రాన్సు నుంచి ల కార్బూజియే వచ్చి, మేయర్ గీసిన వంకర వీథులను తిన్నగా సరిదిద్దాడు.

అయితే చండీగఢ్ వొక్క మహాశిల్పి చేతి చలువ అన్న కథను నేను అంగీకరించను. కార్బూజియే సలహాదారు. యేటా కొద్ది వారాలు వచ్చి పోయేవాడు. రోజువారీ భారం మోసింది స్థానిక కార్యాలయం. మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ మూడేళ్ల వొప్పందం మీద అక్కడే వున్నారు. పియేర్ జన్నరే 1965 దాకా వున్నాడు. చీఫ్ ఇంజనీరు పి.ఎల్. వర్మ, యువ శిల్పులు ఆదిత్య ప్రకాశ్, ఎం.ఎన్. శర్మ, ఊర్మిళా యూలీ చౌధురి మొదలైనవారు ఆ బల్లల దగ్గర కూర్చుని గీసినదే యీ నగరం. మన దేశపు ఆధునిక వాస్తు విద్యకు అది గొప్ప పాఠశాల అయింది.

ఆ కార్యాలయం సాధించినదాన్ని కాదనడం న్యాయం కాదు. 800 మీటర్ల వెడల్పు, 1,200 మీటర్ల పొడవు గల సెక్టార్లు. ప్రతి సెక్టారులోనూ బడి, బజారు, పచ్చిక. నడిచే పిల్లవాణ్ణి మోటారు నుంచి కాపాడడానికి రహదారుల్లో యేడు అంతస్తులు. బంట్రోతుకు సైతం రెండు గదులు, వరండా, వంటిల్లు, మరుగుదొడ్డి, పెరడు గల యిటుక యిల్లు దక్కింది. అప్పటికి మన పట్టణాల్లో బంట్రోతు యెక్కడ తలదాచుకునేవాడో తెలిసినవారికి దీని విలువ తెలుస్తుంది.

కాని ఆ యిళ్ల జాబితానే మరొక వైపు నుంచి చదవండి. ప్రభుత్వ గృహాలను 13 తరగతులుగా విభజించారు. కొలమానం కుటుంబంలోని మనుషుల సంఖ్య కాదు, ఉద్యోగి జీతం. ఉత్తరాన, శాసనసభకూ సచివాలయానికీ దగ్గరగా, విశాలమైన తోటల నడుమ పెద్దల బంగళాలు. దక్షిణానికి పోయేకొద్దీ జాగా తగ్గుతుంది, జనం చిక్కనవుతారు. కులం అడగని నగరం జీతం అడిగింది. ఆఫీసు ఫైలులోని హోదాల నిచ్చెన నేల మీద పటమై పరుచుకుంది.

యిక ఆ 13 తరగతుల్లోనూ లేనివారి సంగతి. 254 మీటర్ల సచివాలయాన్ని యెవరు కట్టారు? కాంక్రీటును తట్టల్లో తలకెత్తుకుని వాలుబాటల మీద పైకి మోసిన స్త్రీలు కట్టారు. యంత్రాల కంటె కూలి చౌక గనుకనే ఆ ఆధునిక భవనాలు ఆ ఖర్చుకు లేచాయి. మొదటి దశలో లక్షా యాభై వేల జనాభాకు ప్రణాళిక వేసినవారు యీ కూలీలకు శాశ్వతమైన యింటిజాగా చూపలేదు. పని ముగిస్తే పోతారనుకుని తాత్కాలిక శిబిరాలు చూపారు. నగరం కట్టడం ముగిసేది కాదు, వారు పోలేదు. నగరం వెలుపల గుడిసె వేసుకుందామంటే 1952 నాటి పరిసర నియంత్రణ చట్టం చుట్టూ అయిదు మైళ్ల మేర అడ్డం నిలిచింది. లోపల పటం వొప్పుకోదు, వెలుపల చట్టం వొప్పుకోదు. మధు సరీన్ 1982లో వెలువరించిన పరిశోధన గ్రంథం యీ వైరుధ్యాన్ని వివరంగా చర్చించింది.

యీ కథ పాతబడలేదు. 2016లో అక్కడి కాపిటల్ కట్టడాలకు యునెస్కో ప్రపంచ వారసత్వ గౌరవం లభించింది. 2022లో అదే నగరంలోని నాలుగో నంబరు కాలనీ గుడిసెలను కూల్చివేశారు. కూల్చిన తేదీ మే 1.

తప్పు ప్రభుత్వానిది గాని శిల్పిది కాదని కొందరంటారు. ఇందులో సగం నిజముంది. ప్రభుత్వం తన ఉద్యోగుల జాబితా యిచ్చింది; కార్యాలయం ఆ జాబితాకు యిళ్లు గీసింది. కాని జాబితా మౌనంగా వున్న చోట పటమూ మౌనంగా వుంటే, ఆ మౌనంలో గీసిన చేతికీ వాటా వుంటుంది. తోపుడు బండ్ల వర్తకులకు నగరంలో చోటుండాలని ఆదిత్య ప్రకాశే తరువాత వాదించాడు. శిల్పికి చూపు లేకపోలేదని, చూపినా పటం అంత తేలికగా మారదని దీనివల్ల బోధపడుతుంది.

తెలుగువారికి యిది పరాయి చరిత్ర కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించి, కర్నూలు డేరాల్లో ఆఫీసులు నడిచాయి. ఆ వారంలోనే, అక్టోబరు 7న, చండీగఢ్‌కు ప్రారంభోత్సవం జరిగింది. 2015లో అమరావతికి శంకుస్థాపన చేసినప్పుడు సింగపూరు సంస్థలు పటం గీశాయి. భూమి యిచ్చిన రైతుకు బదులు ప్లాట్లు రాశారు. ఆ భూమి మీదే బతికిన భూమిలేని కూలీ కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను రాశారు. వొకరికి నగరంలో వాటా, మరొకరికి భరణం. చండీగఢ్ జాబితా తర్కమే యిక్కడా పనిచేసింది.

కనుక రేపు యే నగరపు పటం మన ముందు పరిచినా, గోపురాన్ని చూసి మురిసే ముందు వొక్క ప్రశ్న వేయాలి: దీన్ని కట్టేవాళ్లు రాత్రికి యెక్కడ పడుకుంటారు? ఆ చోటును పటం మీద వేలుపెట్టి చూపగలిగిన నాడే అది ప్రజల నగరమవుతుంది.