వీణ కలప
వీణ నాదంలో కలపది పెద్ద పాత్ర. విజయనగరం జిల్లా గొల్లపల్లిలో తయారయ్యే బొబ్బిలి వీణకు పనస మాను వాడతారు. కుండ (నాదం పలికే గుండ్రటి భాగం), దండి (మెట్లుండే పొడవాటి భాగం) ఒకే దుంగలో తొలిస్తే అది ఏకాండ వీణ. అతుకు లేనందున కంపనం తెగకుండా సాగుతుందంటారు. అతుకు వీణలూ చక్కగా పలుకుతాయి గనక ఆ మాటను కొంత తగ్గించి వినాలి. అసలు కీలకం ఆరుదలలో ఉంది. పచ్చి చెక్క కంపనాన్ని మింగేస్తుంది, ఆరేకొద్దీ వంగి, మైనంపై నిలిపిన 24 మెట్ల అమరికను చెడగొడుతుంది. కుండపై పలక మందమైతే నాదం మూగబోతుంది. మరీ పలచనైతే తీగల బిగువుకు కుంగుతుంది. కలప ఎంపికా ముఖ్యమే: గిద్దలూరు వైపు నల్లమలలో పెరిగే వేగి చెట్టు కలప తలుపులకు మేలే గాని వీణకు బరువు. ఇతర తీగవాద్యాలకూ ఇదే వర్తిస్తుంది: హవాయి యుకులేలీకి అక్కడి కోవా చెక్క పేరుపడింది. దానికే స్ప్రూస్ చెక్క పలక వేస్తే స్వరం మరింత స్ఫుటంగా వినిపిస్తుంది.