మెల్‌బోర్న్ వెళ్తున్నారా? పాత బంగారు గనుల దారిలో నడిచే ముందు ఇవి తెలుసుకోండి

మెల్‌బోర్న్‌లో ఉంటున్న పిల్లల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులకు నగరం నాలుగు రోజుల్లో చూడటం అయిపోతుంది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలా అని ఆలోచించే వారికి 'గోల్డ్‌ఫీల్డ్స్ ట్రాక్' మంచి ఎంపిక. నడవడానికి టికెట్ అక్కర్లేదు. కానీ దారి తప్పితే ప్రమాదం కాళ్ల కిందే ఉంటుంది.

ఎక్కడుంది?

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బల్లారట్ దగ్గరి బునిన్‌యాంగ్ కొండ నుంచి బెండిగో వరకు సుమారు 210 కిలోమీటర్ల దారి ఇది. డేల్స్‌ఫోర్డ్, కాసిల్‌మెయిన్ మీదుగా సాగుతుంది. సైకిళ్లు కూడా తిరుగుతాయి. మొత్తం నడవాల్సిన పనిలేదు. ఒక్కరోజే వీలున్నవారు కాసిల్‌మెయిన్, చ్యూటన్ పరిసరాలు చూస్తే చాలు.

చరిత్ర ఏమిటి?

1851లో ఇక్కడ బంగారం బయటపడటంతో వేలమంది తరలివచ్చారు. బంగారం దొరికినా దొరక్కపోయినా నెలకు 30 షిల్లింగుల లైసెన్సు రుసుము కట్టాల్సిందే. దాన్ని రెట్టింపు చేస్తామనడంతో 1851 డిసెంబరు 15న చ్యూటన్ దగ్గర గని కార్మికులు భారీ సభ పెట్టారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1854 డిసెంబరు 3న బల్లారట్‌లోని యురేకాలో కార్మికులకు, సైనికులకు మధ్య ఘర్షణ జరిగి ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది లైసెన్సు స్థానంలో ఏడాదికి ఒక పౌండు రుసుముతో 'మైనర్స్ రైట్' వచ్చింది. దాంతోపాటు ఓటు హక్కూ దక్కింది.

ఎలా వెళ్లాలి?

మెల్‌బోర్న్ సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి బల్లారట్, కాసిల్‌మెయిన్, బెండిగోలకు వీ-లైన్ రైళ్లున్నాయి. మైకీ కార్డు పనిచేస్తుంది. 2023 మార్చి నుంచి జిల్లాలకు వెళ్లే రైళ్లలోనూ రోజువారీ గరిష్ఠ ఛార్జీ నగరంలో ఉన్నంతే.

జాగ్రత్తలేమిటి?

* గుర్తులున్న దారి వదలొద్దు. పొదల మాటున కంచె లేని పాత గని గోతులు ఉంటాయి. పిల్లల చెయ్యి పట్టుకునే నడవండి. చీకటి పడకముందే తిరిగి రండి.
* గని వ్యర్థాల గుట్టల్లో ఆర్సెనిక్ ఉండొచ్చు. పిల్లలను అక్కడ ఆడనివ్వొద్దు. తినే ముందు చేతులు కడుక్కోవాలి. వాగునీళ్లు తాగొద్దు, సరిపడా నీళ్లు వెంట తీసుకెళ్లండి.
* డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అక్కడ ఎండాకాలం. అడవి మంటల ముప్పు ఎక్కువ. బయల్దేరే ముందు 'విక్‌ఎమర్జెన్సీ' యాప్ చూడండి. ముప్పు అత్యధిక స్థాయి 'కేటస్ట్రాఫిక్'కు చేరిన రోజు ఆ ప్రాంతంలోని పార్కులు మూసేస్తారు.
* సిగ్నల్ అందని చోట్లు ఉండొచ్చు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పండి. అత్యవసర నంబరు 000.

బంగారం వెతకొచ్చా?

వెతకొచ్చు, అనుమతి ఉండాలి. 'మైనర్స్ రైట్' పేరుతోనే ఇప్పటికీ అనుమతి ఇస్తున్నారు. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, పదేళ్లు చెల్లుతుంది. నిబంధనల ప్రకారం వెతికితే దొరికింది మీదే. పార్కుల్లో మాత్రం అనుమతించిన చోట్లే వెతకాలి. యంత్రాలతో తవ్వకూడదు, చేతి పనిముట్లే వాడాలి. తవ్విన గుంతను పూడ్చి రావడం మీ బాధ్యత. ఆనాడు పూడ్చకుండా వదిలేసిన గోతులే ఈనాటికీ నడిచేవారికి ముప్పు.