బాణం ములికి ఎక్కడిది?

ఏడో తరగతి వేసవి సెలవుల్లో నేనో విల్లు తయారుచేశాను. వెదురుబద్ద వంచి పురికొస తాడు కడితే విల్లు, పాత గొడుగు ఊచలు పీకితే బాణాలు. మా ఎడ్లపాడులో పిల్లకాయల ఆయుధాగారం అంతే. కొండవీడు కొండలు ఎదురుగా కనపడుతుంటాయి కాబట్టి మేం రెడ్డిరాజుల సైన్యం అన్నమాట!

వచ్చిన చిక్కల్లా గొడుగు ఊచతోనే. నాలుగు గజాలు పోయి అడ్డం తిరిగేది. ఓ మేకు పట్టుకుని ఊరి కొలిమి దగ్గరికెళ్ళా.

"ఏందబ్బాయ్, దేన్ని కొడతావు?" అన్నాడు కమ్మరి తాత.

"కుందేల్ని" అన్నా గొప్పగా. అప్పటికి నేను కుందేల్ని చూసింది పుస్తకంలో బొమ్మే.

ఆయన నవ్వి, మేకుని ఎర్రగా కాల్చి, ఒక కొస ఆకులా సాగగొట్టాడు. రెండో కొస సన్నటి తోకలా ఉంచాడు. "ఆ ఊచ పారేసి వెదురు పుల్ల తెచ్చుకో. తోక అందులోకి దించి దారం బిగించి చుట్టు. బరువు ముందుంటేనే బాణం తిన్నగా పోద్ది" అన్నాడు. నిజమే, తిన్నగా పోయింది. పోయి వేపచెట్టుకి దిగింది. లాగితే పుల్ల నా చేతికొచ్చింది, ములికి చెట్టులో ఉండిపోయింది. నా వేట అక్కడితో సమాప్తం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇంజనీరింగ్ హాస్టల్లో నల్లమల నుంచి వచ్చిన చెంచు కుర్రాడొకడు మా బ్యాచ్‌లో ఉండేవాడు. "బాణం తెచ్చావా?" అని మావాళ్ళు రోజూ వాడిని ఏడిపించేవాళ్ళు. మావాళ్ళు అని తప్పించుకోవడమెందుకు, నేనూ అన్నాను. ఓ రాత్రి వాడు తాపీగా, "బాణం మాదే, ములికి మాత్రం మీదిరా. మా తాత తేనె ఇచ్చి కింద ఊళ్ళో కమ్మరి దగ్గర చేయించుకునేవాడు" అన్నాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. అప్పట్నుంచి దొరికినవి చదువుతూ వచ్చాను.

మా పల్నాడులోనే మొదలుపెడదాం. సాగర్ డ్యాము నీళ్ళు ముంచెయ్యక ముందు, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల కట్టడాలు అందరికీ తెలిసినవే. వాళ్ళకి వేల ఏళ్ళ ముందు మనుషులు వాడిన రాతి పనిముట్లు కూడా ఆ లోయలో దొరికాయి. అందులో గోరంత ఉండే సూక్ష్మ శిలా పరికరాలున్నాయి. ఇలాంటి రాతి ముక్కల్ని కర్రకి జిగురుతో అతికించి బాణాలుగా వాడేవాళ్ళని పురావస్తు శాస్త్రవేత్తలు చెప్తారు. అంటే ఆ రోజుల్లో వేటగాడికి కావలసిన సరంజామా మొత్తం కాళ్ళ దగ్గరే దొరికేది.

ఇనుము వచ్చాక కథ మారింది. రాయి పగలగొట్టుకోవడానికి చెయ్యి చాలు. ఇనుముకి కొలిమి, తిత్తి, బొగ్గులు, సుత్తి, పట్టకారు కావాలి. అన్నిటినీ మించి అదే వృత్తిగా బతికే మనిషి కావాలి. హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త 1940లో అప్పటి నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం వేశాడు. చెంచుల విల్లు వెదురుతో వాళ్ళే చేసుకున్నది. గొడ్డలి, కత్తి, గడ్డలు తవ్వే కర్రకి తొడిగే మొన, బాణం ములికి వంటి ఇనుప సామాను మాత్రం అడవి సరుకు ఇచ్చి మైదానం నుంచి తెచ్చుకున్నవి. ఇంకో సంగతి, వాళ్ళ తిండిలో వేట మాంసం వాటా కొంచెమే. గడ్డలు, దుంపలు, పండ్లే ముఖ్యం. సినిమావాళ్ళు చూపించే చెంచుకి, ఈ చెంచుకి పోలికే లేదు.

ములికిలో కూడా లెక్కలున్నాయి. పెద్ద జంతువుకి వెడల్పాటి ఆకు ములికి, రక్తం పోవాలి కాబట్టి. పిట్టలకి మొద్దు మొన చాలు. దెబ్బకి పిట్ట పడిపోతుంది, మాంసం చెడదు, బాణం చెట్టుకి దిగబడిపోదు. నా ములికి వేపచెట్టులో ఎందుకుండిపోయిందో పదేళ్ళ తర్వాత అర్థమైంది!

ఇక నేను చెప్పొచ్చేదేంటంటే, ఈ లోకంతో సంబంధం లేకుండా బతికిన ఆటవికులు అనే మన ఊహకి ఆ బాణం ములికే జవాబు. అది అడవికీ ఊరికీ మధ్య నడిచిన వ్యాపారం. మన భాషలో చెప్పాలంటే రెండు సిస్టమ్‌ల మధ్య ఇంటర్‌ఫేస్. తేనె ఇటు, ఇనుము అటు.

అది తెగింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు రిజర్వులయ్యాయి. ఆ చట్టం దెబ్బ మైదానం రైతుకీ తగిలింది. పుల్లరి కట్టబోమని తిరగబడ్డ కన్నెగంటి హనుమంతు 1922లో మా పల్నాడులోనే పోలీసు తూటాలకి బలయ్యాడు. 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది. 2006 అటవీ హక్కుల చట్టం తేనె వంటి అడవి ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది కానీ, 3వ సెక్షన్‌లో సంప్రదాయ హక్కుల గురించి చెప్తూ వేటని ప్రత్యేకంగా మినహాయించింది.

వేట మళ్ళీ మొదలెట్టమని నేననట్లేదు. పులులు, ఉడుములు బతకాలి, కాదనను. కానీ తిండి కోసం కుందేలు కొట్టినవాడినీ, చర్మాల వ్యాపారం కోసం పులిని చంపినవాడినీ ఒకే గాటన కట్టి "వేటగాళ్ళు" అనేస్తే అది చరిత్ర తెలియకపోవడమే. అడవిని ఖాళీ చేసింది మొద్దు మొన బాణాలా?

మా ఊరి కొలిమి ఉన్నచోట ఇప్పుడు వెల్డింగ్ షాపుంది. అటు బాణం పోయింది, ఇటు ములికి చేసేవాడూ పోయాడు.

మొన్న వాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పి, ఆ రోజు అన్నదానికి సారీ చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇన్నేళ్ళు పట్టిందిరా నీకు" అన్నాడు.

అవును, పట్టింది. మీ హాస్టల్లో కూడా ఇలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. మీరేమన్నారో ఓసారి గుర్తు తెచ్చుకోండి.