పట్టభద్రుడు - సైనికాధికారి

కుమారుడు సైన్యంలో అధికారి కావాలని కోరే తండ్రి, వానిని కళాశాలలో చేర్చే రోజున ఒక చిక్కులో పడతాడు. ఏ పట్టాకు చదివించాలి? గణితమా, చరిత్రయా, ఇంజనీరింగా? మన ముత్తాతల కాలంలో ఈ చిక్కే లేదు. ఆనాటి సైన్యంలో భారతీయుని ఉన్నతి సుబేదారు మేజరు పదవితో ముగిసేది. ముప్పది ఏండ్లు సేవచేసిన ఆ వృద్ధుడు నిన్న మొన్న ఓడ దిగివచ్చిన ఆంగ్ల యువకునికి వందనం చేయవలసినదే.

1918లో తలుపు కొంచెం తెరచుకొన్నది. ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో ఏటా పదిమంది భారతీయులకు చోటు కల్పించినారు. అక్కడ చూచినది పట్టాను కాదు. ఆంగ్ల విద్యాలయాల నడవడిని, సీమ ఖర్చు భరించగల తండ్రి కలిమిని. ఆ నడవడిని బాల్యంలోనే అలవరచుటకు 1922లో డెహ్రాడూన్‌లో ఒక పాఠశాలను సైతం నెలకొల్పినారు. మన బి.ఏ.లకు ఆ లెక్కలో స్థానం లేదు.

సైనికవిద్య స్వదేశంలోనే జరగాలన్న కోరిక బలపడగా 1925లో స్కీన్ సంఘం ఏర్పడినది. తుదకు 1932 అక్టోబరు 1న డెహ్రాడూన్‌లో భారత సైనిక అకాడమీ ప్రారంభమైనది. తొలి జట్టు నలుబది మంది. వారిలో పదిహేను మంది పోటీపరీక్ష ద్వారా, పదిహేను మంది సిపాయిల నుండి, పదిమంది సంస్థానాల సేనల నుండి వచ్చినారు. పరీక్షలో ఆరవవాడు అమృతసర్ హిందూ సభా కళాశాలలో చదివిన శాం మానెక్‌షా. వైద్యవిద్యకై ఇంగ్లండు పంపుమని కోరితే తండ్రి కాదన్నాడు. ఆ అలుకతో పరీక్ష వ్రాసినాడు. 1973లో మన దేశానికి తొలి ఫీల్డు మార్షలు అయినాడు. తండ్రుల నిరాకరణలు ఒక్కొక్కప్పుడు ఎంత దూరం పోతాయో!

రెండవ ప్రపంచయుద్ధం వచ్చిన తరువాత పట్టా చేతికందేదాకా ఆగే తీరిక ఎవరికున్నది? మన తెలుగువాడు కె.వి. కృష్ణారావు 1942లో, పందొమ్మిదేండ్లకే మహర్ రెజిమెంటులో అధికారిగా చేరినాడు. 1981లో సైన్యాధిపతి అయినాడు.

స్వాతంత్ర్యం తరువాత పాఠశాల విడిచిన బాలురను మూడు దళాలకు కలిపి తీర్చిదిద్దే పద్ధతి 1949లో డెహ్రాడూన్‌లోనే మొదలై, కొన్నేండ్లకు ఖడక్‌వాస్లాకు తరలినది. మూడేండ్లు చదివినా మొదట్లో వారికి పట్టా రాలేదు. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు పట్టా 1970ల దశకంలో గాని లభించలేదు.

అసలు పాఠం 1962లో వచ్చినది. చైనా యుద్ధంతో అధికారుల కొరత బయటపడినది. అత్యవసర కమిషన్ పేరిట యువకులను పిలిచి, 1963లో మదరాసులో ప్రారంభమైన శిక్షణాలయం వంటి చోట్ల కొద్ది నెలలు తరిఫీదిచ్చి సరిహద్దులకు పంపినారు. గణితం చదివినవాడు, చరిత్ర చదివినవాడు ఒకే వరుసలో కవాతు చేసినారు. ఎవరి పట్టా ఏదని ఎవరూ అడుగలేదు. దశకం చివరికి వారిలో అనేకులను విడుదల చేసినారు. ప్రభుత్వం పెద్ద ఉద్యోగాలలో వారికి కొన్ని స్థానాలు ప్రత్యేకించినది గాని, ఐ.ఏ.ఎస్. వంటి పరీక్షలకు కూర్చోవాలంటే పట్టా ఉండవలసినదే. చేరేటప్పుడు ఎవరూ పట్టించుకోని కాగితం తిరిగి వచ్చేటప్పుడు అక్కరకు వచ్చినది.

నేటికీ డెహ్రాడూన్‌కు గాని, 1992 నుండి స్త్రీలకు కూడ ప్రవేశం కల్పించిన చెన్నై శిక్షణాలయానికి గాని పట్టభద్రుల పోటీపరీక్ష ద్వారా పోవుటకు ఏ పట్టా అయినా చాలును. తెలుగు సాహిత్యం చదివినవారు నిస్సంకోచంగా వ్రాయవచ్చును. నౌకాదళానికి ఆ పరీక్ష ద్వారా పోవాలంటే మాత్రం ఇంజనీరింగు కావాలి. విమానం నడపదలచినవారు ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం, గణితం విడువరాదు. మన ఇండ్లలో పదునారేండ్లకే ఎం.పి.సి. వద్దని నిర్ణయించే పిల్లలకు, దుండిగల్ విమానాలవైపు పోయే దారి అక్కడే మూసుకొన్నదని చెప్పేవారు తక్కువ.

చెన్నై నుండి వెలువడేవారి స్వల్పకాలిక సేవ పదేండ్లు. అవసరమైతే మరి నాలుగేండ్లు. ఇరువది నాలుగేండ్లకు చేరిన యువకుడు ముప్పది ఎనిమిదేండ్లకు పెట్టె సర్దుకొని ఇల్లు చేరతాడు. అటకమీది పట్టాను అప్పుడు మరల దించవలసివస్తుంది.