వీధిలో నిలిచిన సిలువ

శ్రమల వారపు నాటకములో పేతురు వేషమునకు, పిలాతు వేషమునకు యౌవనులు పోటీపడి ముందుకు వస్తారు. ప్రభువు వేషము ఎవరిదన్నప్పుడు మాత్రము అందరు తల వంచుకుంటారు. కమిటీలో నేను చాలాసార్లు చూచిన సంగతే ఇది. 1951లో ఇంగ్లాండు దేశములోని యార్క్ పట్టణస్థులకు ఈ చిక్కే ఎదురైంది.

పదునాలుగవ శతాబ్దము నుండి ఆ పట్టణములో ప్రభువు శరీర పండుగనాడు సృష్టి మొదలు కడవరి తీర్పు వరకు బైబిలు చరిత్రను బండ్లమీద ఆడేవారు. గిల్డులనబడే వృత్తి సంఘములు ఒక్కొక్క ఘట్టమును తీసుకొనేవి. నోవహు ఓడ కట్టుట ఓడలు చేయువారిది, కడరాత్రి భోజనము రొట్టెలు కాల్చువారిది, సిలువ వేయుట పిన్నులు చేయువారిది. తెల్లవారుజామున బయలుదేరిన బండ్లు పట్టణమంతా తిరిగి, ఆగిన ప్రతి చోట అదే ఆట మళ్ళీ ఆడేవి. వీటికి మిస్టరీ నాటకములని పేరు. ఆ మాటకు ఆనాటి ఇంగ్లీషులో చేతివృత్తి అనే అర్థము కూడా ఉండేది. మతసంస్కరణ తరువాత వీటిపై అనుమానము పెరిగి, 1569తో ఆగిపోయినవి.

పిన్నులవారి నాటకమును వేదాంత కళాశాలలో మొదట చదివినప్పుడు నాకు కొంత కష్టమనిపించింది. నలుగురు సైనికులు ప్రభువును సిలువకు కొట్టుచు పనివారివలె సణుగుకొంటారు. మేకులకు తొలిచిన రంధ్రములు దూరమైపోయినవట! మరల తొలిచే ఓపిక లేక త్రాళ్లతో చేతులను, కాళ్లను సాగదీస్తారు. సిలువను ఎత్తబోయి, భుజము విరిగెనని ఒకడు మొరపెట్టుకుంటాడు. నిలబెట్టిన గుంట వెడల్పయినందున చీలలు దిగగొడతారు. పని సరిగా జరిగినదా లేదా అన్నదే వారి బాధ, ఎవరిని కొట్టుచున్నామన్నది కాదు. ఇంతసేపు ప్రభువు నేలమీద పరుండి మౌనముగా ఉంటాడు. సైనికుల తగవు చూచి నవ్వుచున్న జనము ఎదుట ఒక్కసారిగా సిలువ పైకి లేస్తుంది. అప్పుడాయన దారిన పోవు వారితో మాటలాడి, తన్ను బాధించినవారిని క్షమించమని తండ్రిని వేడుకొంటాడు. నవ్వు తగదని సైనికుల తగవును కొట్టివేసినవారు ఈ నాటకమునే కొట్టివేసినట్లని నా అభిప్రాయము.

1951లో బ్రిటన్ ఉత్సవము సందర్భముగా ఇ. మార్టిన్ బ్రౌన్ ఈ నాటకములను సెయింట్ మేరీ మఠపు శిథిలముల నడుమ ఆడించినాడు. కానన్ పర్విస్ పాత భాషను కొంత సరళము చేసి, కుదించి ఇచ్చినాడు. ఆ దినములలో దేవుని, క్రీస్తును రంగస్థలముమీద చూపుటకు నాటక పరిశీలనాధికారి సాధారణముగా ఒప్పుకొనేవాడు కాడు. ఆ అధికారము 1968లోగాని రద్దు కాలేదు. యార్క్ వారు క్రీస్తు వేషధారి పేరు ప్రకటించక ఆ చిక్కు దాటినారు. అది వినయమే. ప్రదర్శన ఎంతో సుందరమని పేరు పొందినది కూడా. అయితే టిక్కెట్టు కొని కుర్చీలో కూర్చున్నవాడు దారిన పోవువాడెట్లగును?

1994లో జేన్ ఓక్‌షాట్ పూనికతో తొమ్మిది నాటకములు తిరిగి బండ్లెక్కి, పట్టణములో ఐదు చోట్ల ఆడబడినవి. 2002 నుండి 2022 వరకు నాలుగేళ్లకొకసారి బండ్లు వీధులలోనికి వచ్చినవి. ఇప్పటికిని ఉన్న గిల్డులు అందులో పాలుపొందినవి. సంచి చేతబట్టి అంగడికి పోవువాడు ఆగి చూచినా, ఆగక పోయినా, సిలువమీది మాట అతనికే చెప్పినట్లుంటుంది.

ప్రభువు వేషపు చిక్కు కూడా పూర్వపు పద్ధతిలో మరొక రీతిగా తీరింది. రొట్టెలవారి క్రీస్తు వేరు, పిన్నులవారి క్రీస్తు వేరు. ఒకే దినమున పలువురు ఆ వేషము ధరించి, సాయంత్రమునకు తమ తమ అంగళ్లకు తిరిగి పోయేవారు. ఆట ముగియగానే సిలువ దించి, బండిని తరువాతి మలుపుకు త్రోసికొనిపోయి, అక్కడ మరల మొదటినుండి మేకులు కొట్టేవారు.