పళ్లచక్రాలు పెరిగాయి, మందం తగ్గింది

1937కి ముందు టూర్ ద ఫ్రాన్స్ రేసులో గేరు మార్చాలంటే సైకిల్ దిగాల్సిందే. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి వేర్వేరు సైజుల పళ్లచక్రాలు ఉండేవి. కొండ ఎదురైతే చక్రం ఊడదీసి, తిప్పి బిగించేవారు. చైన్‌ను పక్కకు జరిపే డిరెయిలర్‌కు రేసు నిర్వాహకుడు ఆన్రీ దెగ్రాంజ్ ఒప్పుకోలేదు. ఆ ఏడాది అనుమతి దొరికింది, రోజె లాపెబీ దాంతోనే గెలిచాడు.

ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు, పళ్లచక్రాలూ తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే యంత్రాంగమూ ఒకటిగా ఉండి, హబ్‌కు (చక్రం నడిమి భాగానికి) మరలతో బిగించే ఫ్రీవీల్‌దే రాజ్యం. మన ఒంటిగేరు సైకిళ్లలో ఇప్పటికీ తిరుగుతున్నది దాని సోదరుడే. పళ్లచక్రాలు పెరిగేకొద్దీ కుడివైపు బేరింగ్ లోపలికి జరిగిపోయి, ఆధారం లేని ఇరుసు వంగిపోయేది. 1978లో సైకిల్ విడిభాగాల సంస్థ షిమానో ఆ యంత్రాంగాన్ని హబ్‌లోనే పెట్టి, బేరింగ్‌ను చివరకు జరిపింది. పైన తొడిగే పళ్లచక్రాల గుత్తే క్యాసెట్.

మన్నిక కోరేవారికి షిమానో తొలి రకమైన యూనిగ్లైడ్ క్యాసెట్లంటే నాకున్నంత గౌరవమే ఉండాలి. మర ఉన్న చిట్టచివరిది తప్ప మిగతా చక్రాలు ఒకవైపు అరిగితే తీసి రెండోవైపు తిప్పి వేసుకోవచ్చు. ఒక్కో చక్రానికి రెండు జీవితాలన్నమాట. 1980ల చివర షిమానో తర్వాతి రకం హైపర్‌గ్లైడ్ వచ్చింది. చైన్ సాఫీగా ఎక్కేలా పళ్లను ప్రత్యేకంగా చెక్కారు, చక్రం ఒకేవైపు కూర్చునేలా గాడి పెట్టారు. గేర్లు హాయిగా మారాయి, రెండో జీవితం మాత్రం పోయింది.

అక్కడినుంచి అంకెల పందెం. ఎనిమిది గేర్ల క్యాసెట్‌లో చక్రం మందం సుమారు 1.85 మిల్లీమీటర్లు, పదికి వచ్చేసరికి 1.6. బరువు తగ్గించడానికి పెద్ద చక్రాల్లో అల్యూమినియం, టైటానియం చేరాయి. 2012లో మరో విడిభాగాల సంస్థ శ్రామ్ పది పళ్ల చిన్న చక్రం తెచ్చింది. పళ్లు తక్కువైతే ఒక్కో పంటిమీద భారం పెరుగుతుంది, అది చైన్‌కు చిక్కే సార్లూ పెరుగుతాయి. 2021లో మందమైన పళ్లతో లింక్‌గ్లైడ్ వచ్చింది. హైపర్‌గ్లైడ్ కంటే మూడు రెట్లు మన్నుతుందన్నది షిమానో మాట. పరిశ్రమ తన దారిని తానే సరిదిద్దుకుందని నేను నమ్ముతాను.

అందుకే రోజూ దూరాలు తొక్కేవారికి నా సలహా: అన్నీ ఉక్కు చక్రాలే ఉన్న ఎనిమిది, తొమ్మిది గేర్ల క్యాసెట్. కుదిరితే చిన్నది 12 పళ్లకు తగ్గకుండా చూసుకోండి. కొత్త క్యాసెట్‌ను పాత చైన్‌తో జత చేయొద్దు. లోపలి పిన్నులు అరిగి చైన్ సాగితే, అర అంగుళం ఉండాల్సిన పిన్నుల ఎడం పెరిగి, రోలర్లు పళ్ల మీదికి పాకి వాటిని కొక్కేల్లా చెక్కేస్తాయి. అర శాతం సాగగానే చైన్ మార్చేస్తే క్యాసెట్ అనేక చైన్లకు వస్తుంది. చిన్న చక్రాలు విడిగా దొరికే రకమైతే, తరచూ వాడే ఒకటీ రెండూ అరిగినప్పుడు గుత్తి మొత్తం పారేయక్కర్లేదు.