స్టార్టప్‌లు, స్థిరపడిన వ్యాపారాలు: తెలంగాణ చరిత్ర

తెలిసిన సరుకును తెలిసిన ఖాతాదారులకు అమ్మి, ఏటా కొంత లాభం మిగుల్చుకునేది స్థిరపడిన వ్యాపారం. ఎవరు కొంటారో, ఎంత చెల్లిస్తారో ఇంకా వెతుకుతూ, దారి దొరికితే కొద్ది కాలంలోనే చాలా ఊళ్లకు పాకాలని చూసేది స్టార్టప్. వయసొక్కటే కొలబద్ద కాదు. జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాలలో నిన్న తెరిచిన ఎరువుల దుకాణమైనా సరే, పత్తి, మిరప రైతులు ఎప్పుడు ఏం కొంటారో, ఉద్దెర ఎప్పుడు తీరుతుందో యజమానికి ముందే తెలుసు. అది కొత్త వ్యాపారమే గాని స్టార్టప్ కాదు. కేంద్ర ప్రభుత్వం 2019లో సవరించిన స్టార్టప్ నిర్వచనం, సంస్థ నమోదై 10 ఏళ్లు దాటకూడదని, ఏ సంవత్సరంలోనూ టర్నోవరు రూ.100 కోట్లు మించకూడదని చెప్పింది. పాత వ్యాపారాన్ని విడదీసి పెట్టిన సంస్థకు గుర్తింపు ఇవ్వరు.

కొత్త దారి వెతికేవారికి నష్టభయం ఎక్కువ. దాన్ని తగ్గిస్తే వర్తకం పెరుగుతుందని ఓరుగల్లు పాలకులు ముందే గ్రహించారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి శాసనం, తుపానులో దెబ్బతిన్న ఓడల సరుకును స్వాధీనం చేసుకోబోమని, సుంకం మాత్రమే తీసుకుంటామని సముద్ర వర్తకులకు అభయమిచ్చింది. తర్వాతి ఆరు శతాబ్దాలు వర్తకం ఎక్కువగా కులవృత్తులు, కుటుంబాల చేతుల్లో నడిచింది.

పెద్ద కంపెనీలు నిజాం కాలంలో వచ్చాయి. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో బొగ్గు నిక్షేపాలను గుర్తించాక, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1920లో సింగరేణి కాలరీస్ అయింది. ఇప్పుడు భూపాలపల్లి గనులూ ఆ సంస్థవే. వరంగల్‌లో 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చింది. 1932లో నిజాం రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. యంత్రాలు, భూమి, జీతగాళ్లు సిద్ధమయ్యాకే ఇటువంటి సంస్థలు పని మొదలుపెడతాయి.

ఇందుకు పూర్తిగా భిన్నమైన ఉదాహరణ ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. పోచంపల్లి చీర నేసే ముందు నూలును కొయ్య చీలల చుట్టూ తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజం నొప్పులు పడేది. మల్లేశం 1992లో యంత్రం తయారీకి పూనుకున్నాడు. డబ్బు చాలక మధ్యలో ఆగుతూ, హైదరాబాద్‌లో పనిచేస్తూ ఒక్కో కదలికను విడివిడిగా సాధించి, 1999కి పూర్తిచేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. బ్యాంకు తాకట్టు లేదు, నమూనా లేదు, కొంటామన్న మాట ఇచ్చినవారు లేరు. అయినా ఏడేళ్లు నిలిచిన ఆ పట్టుదల అపూర్వమైనది. 2017లో పద్మశ్రీ లభించింది.

పెట్టుబడి తీరు 2000ల తర్వాత మారింది. దీపావళికి ఇంటికి వెళ్లడానికి బెంగళూరులో టికెట్ దొరకని ఫణీంద్ర సామ, 2006లో మిత్రులతో కలిసి రెడ్‌బస్ స్థాపించాడు. రెడ్‌బస్‌కు సొంత బస్సు ఒక్కటీ లేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీ అన్న సమాచారాన్ని ఒకచోట చేర్చింది. ఇలాంటి సంస్థకు తాకట్టు పెట్టేందుకు ఆస్తి ఉండదు కనుక అప్పుకు బదులు వాటా ఇచ్చి డబ్బు తెచ్చుకుంటుంది. సంస్థ మునిగితే మదుపరి సొమ్మూ దాంతోపాటే పోతుంది. 2013లో రెడ్‌బస్‌ను ఐబిబో గ్రూపు కొనుగోలు చేసింది.

తెలంగాణ ప్రభుత్వం 2015 నవంబరు 5న గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో స్టార్టప్‌లకు తోడ్పడే టీ-హబ్‌ను ప్రారంభించింది. 2018 మార్చి 8న మహిళల కోసం వీ-హబ్, 2023 మార్చిలో నమూనాల తయారీకి టీ-వర్క్స్ వచ్చాయి. 2018లో ఇస్రో మాజీ శాస్త్రవేత్తలు పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా హైదరాబాద్‌లో స్థాపించిన స్కైరూట్, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్‌ను ప్రయోగించింది. దేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసి ఎగరేసిన తొలి రాకెట్ అది. ప్రయోగ వేదికను, పరీక్షా సదుపాయాలను ఇస్రోయే సమకూర్చింది. పాత సంస్థ కట్టుకున్న వసతుల మీద కొత్తది లేచి నిలబడిన తీరుకు ఇది మేలైన నిదర్శనం.